రెండో జింక

(మధ్య పెన్సిల్వేనియాలో ఉంటున్న తెలుగు కుటుంబాల దీపావళి కలయికలో ఒక రోడ్డు ఇంజనీరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ దీపావళి శుభాకాంక్షలు. పిల్లల నాట్యానికీ భోజనాలకూ మధ్య ఇరవై నిమిషాలు ఖాళీ వచ్చిందట, దాన్ని నాతో పూడ్చారు. రోడ్ల మీద గుంతలు పూడ్చే ఉద్యోగం చేసేవాణ్ని, నాకు అభ్యంతరం ఎందుకుంటుంది? (నవ్వులు)

జింకల గురించి మాట్లాడతానంటే మన కార్యదర్శిగారు బంగారు లేడి ఘట్టం అనుకున్నారు. కాదండీ. ఆ కథలో రాముడు లేడి వెంట పడ్డాడు. ఇక్కడ లేళ్లే వచ్చి మన కార్ల మీద పడుతున్నాయి.

ఈ మాట ఈ రోజే చెప్పాలని పట్టుబట్టాను. వేసవికి ముందుకు జరిపిన గడియారాలు ఈ రాత్రి రెండు గంటలకు ఒక గంట వెనక్కి వెళ్తాయి. ఈ సాయంత్రం ఆరు దాటాక అస్తమించిన సూర్యుడు రేపు ఐదింటికే దిగిపోతాడు. మొన్నటిదాకా వెలుతురులో ఇంటికి చేరినవాళ్లు సోమవారం నుంచి చీకట్లో చేరతారు. అడవిలో జింకలు జత కట్టే రోజులూ ఇవే. నవంబరు నెలంతా ఇక్కడి పల్లె రోడ్ల మీద ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ముందు నా కథ చెబుతాను, లెక్కలు తర్వాత.

పదహారేళ్ల కిందట, నవంబరులో ఒక శనివారం. మా అమ్మ మార్కాపురం నుంచి వచ్చి నెల అయింది. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకువెళ్లాను. మీలో చాలామంది ఆ దారినే వెళ్తారు: ఆల్టూనా మీదుగా 22వ నంబరు రోడ్డు పట్టుకుని, రెండున్నర గంటలు. దర్శనం అయింది, గుడి క్యాంటీన్లో దోసెలు అయ్యాయి, కట్టించుకున్న పులిహోర డబ్బా అమ్మ ఒళ్లో ఉంది. తిరుగు ప్రయాణంలో పెద్ద రోడ్డు దిగి మా ఊరి వైపు రెండు వరుసల రోడ్డు ఎక్కేసరికి సాయంత్రం ఐదుంబావు. పూర్తి చీకటి కాదు, వెలుతురూ కాదు. మనం అసురసంధ్య అంటామే, ఆ వేళ. ఒక పక్క మొక్కజొన్న కోసేసిన చేను, ఇంకో పక్క చెట్లు.

చేను లోంచి ఒక జింక దూకింది. సన్నగా, కొమ్ములు లేకుండా, తెల్లటి తోక ఎత్తి పట్టుకుని ఉంది. నేను బ్రేకు తొక్కాను, కారు నెమ్మదించింది, అది మూడు అంగల్లో రోడ్డు దాటి చెట్లలో కలిసిపోయింది. నా భార్య ‘అబ్బ’ అని ఊపిరి వదిలింది. నేను కూడా వదిలాను. గండం గడిచింది అనుకుని మళ్లీ యాక్సిలరేటర్ మీద కాలు వేశాను.

వెనక సీటులోంచి అమ్మ అంది: “ఒక్కటే రావడమేమిటిరా? వెనక ఇంకోటి ఉంటుంది చూడు.”

ఆ మాట నా చెవికి చేరింది గానీ కాలికి చేరలేదు. ‘చూడు’ అన్న మాట పూర్తయిందో లేదో, తల కిందికి వంచుకుని, రోడ్డు వాసన చూస్తున్నట్టుగా ఒక పెద్ద మగ జింక అదే చోటి నుంచి నేరుగా వచ్చి కుడి వైపు దీపానికి తగిలింది. అది నా వైపు చూడనే లేదు. కారు ఉందన్న సంగతే దానికి పట్టలేదు.

మాకెవరికీ పెద్ద దెబ్బలు తగలలేదు. బానెట్ ముడుచుకుపోయింది, రేడియేటర్ పగిలింది, పులిహోర సీట్ల నిండా చిందింది. ఆ కారు అమ్మేదాకా ఎండ కాసినప్పుడల్లా అందులో ఇంగువ వాసన వచ్చేది.

నేను ఆ తర్వాత చాలా చదివాను. మా శాఖలో ఈ పని చూసేవాళ్లతో మాట్లాడాను. చదివిందంతా చివరికి మా అమ్మ చెప్పిన దగ్గరికే వచ్చి ఆగింది. ఆవిడ ఏ పుస్తకమూ చదవలేదు. చిన్నప్పుడు మేకలు కాసింది. ఒక మేక కట్ట దాటిందంటే మిగతావి ఎక్కడున్నాయో వెనక్కి తిరిగి చూసుకోవాలని ఆవిడకు తెలుసు.

నవంబరులోనే ఎందుకు అని కుర్రవాళ్లు అడుగుతుంటారు. మన దగ్గర జింకలకు ‘సీజను’ అన్న మాట మనం వినం కదా. నేను పెరిగింది నల్లమల అంచున. దోర్నాల నుంచి శ్రీశైలం బస్సెక్కితే కిటికీల దగ్గర కూర్చోవడానికి పిల్లలం కొట్టుకునేవాళ్లం, దుప్పులు కనిపిస్తాయని. మన చుక్కల దుప్పికి ఇంత కచ్చితమైన నెల ఉండదు. కొమ్ములు రాలినవీ, కొత్త కొమ్ములు మొలుస్తున్నవీ, ముదిరిన కొమ్ములవీ ఒకే గుంపులో కనిపిస్తాయి. మన వేడి దేశంలో పిల్ల ఏ నెలలో పుట్టినా ఎలాగో బతుకుతుంది. ఇక్కడ అలా కుదరదు. డిసెంబరులో పుట్టిన పిల్ల జనవరి చూడదు.

అందుకని ఈ తెల్లతోక జింకలు పగటి పొడవును బట్టి నడుచుకుంటాయి. పగలు కురచ అవుతున్న కొద్దీ వాటి ఒంట్లో మార్పు మొదలవుతుంది. సెప్టెంబరులో మగవాటి కొమ్ముల మీది మఖమల్ లాంటి తోలు ఊడిపోతుంది, మెడ లావెక్కుతుంది. చెట్ల బెరడు కొమ్ములతో గీకి, నేల గిట్టలతో గీరి, తమ వాసన వదిలిపెడతాయి. నవంబరు మధ్యకు వచ్చేసరికి ఆడవి ఎదకు వస్తాయి. ఆడ జింక కడుపుతో ఉండేది సుమారు 200 రోజులు. నవంబరు మధ్య నుంచి లెక్కపెట్టండి, జూన్ మొదటి వారం వస్తుంది. పచ్చిక మోకాలెత్తు లేచి, తల్లికి పాలు పడి, పిల్లకు దాక్కునే చోటు దొరికే రోజులు. ఇంత లెక్కగా కాన్పు తేదీ పెట్టుకునే జీవి మనిషి కూడా కాదు. (నవ్వులు)

ఆడ జింక ఎదలో ఉండేది ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర. అప్పుడు తప్పితే మళ్లీ నాలుగు వారాలు ఆగాలి. ఆ ఒక్క రోజు కోసం మగ జింకలు తిండీ నిద్రా మాని మైళ్లకు మైళ్లు తిరుగుతాయి. ఈ కాలంలో ఒక్కో మగ జింక తన బరువులో ఐదో వంతు దాకా పోగొట్టుకుంటుంది. ఇంకా సిద్ధం కాని ఆడది వాటిని తప్పించుకుంటూ పరిగెడుతుంది. అది రోడ్డు దాటుతుంది. మగది ఆ వాసన పట్టుకుని, ముక్కు నేలకు ఆనించి, అదే జాడలో వస్తుంది. మామూలు రోజుల్లో ఆకు కదిలినా అదిరిపడే జంతువు అది. ఈ మూడు వారాలూ దానికి లారీ వస్తున్నా కనిపించదు.

నా కారుకు తగిలింది ఆ రెండోదే. ఇక్కడి వేటగాళ్లను అడగండి, ఆడ జింక కనిపిస్తే చాలామంది తొందరపడరు, దాని వెనక దారి వైపు చూస్తూ కూర్చుంటారు. వాళ్లకు తెలిసిన సంగతి మనం స్టీరింగ్ ముందు మరిచిపోతాం.

ఇక వేళ సంగతి. జింక పట్టపగలు తిరిగే జంతువు కాదు, అర్ధరాత్రి జంతువూ కాదు. తెల్లవారే ముందు, పొద్దు గూకిన తర్వాత దాని సంచారం. ఆ మసక వెలుతురు కోసమే దాని కన్ను తయారైంది. కంటి వెనక అద్దం లాంటి పొర ఒకటి ఉంటుంది. కంటిలోకి వచ్చిన కాస్త వెలుగునూ అది మళ్లీ వెనక్కి కొట్టి రెండోసారి వాడుకుంటుంది. మన దీపాలకు ఆ కళ్లు మెరిసేది అందుకే. అంత సున్నితమైన కంట్లోకి ఒక్కసారిగా హెడ్‌లైటు పడితే దానికి ఏమీ కనిపించదు. నిలబడిపోతుంది. ‘నన్ను చూసి కూడా కదలలేదు’ అని మనం తిట్టుకుంటాం. అది చూసి ఆగలేదండీ, చూపు పోయి ఆగింది.

గడియారం మార్పు గురించి 2022లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక అధ్యయనం ప్రచురించారు. 23 రాష్ట్రాల ప్రమాదాల లెక్కలు తీసి చూశారు. శరదృతువులో గడియారం వెనక్కి తిప్పిన వారంలో జింకలతో ప్రమాదాలు 16 శాతం పెరుగుతున్నాయి. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందుతో పోలిస్తే, అస్తమించిన రెండు గంటల తర్వాత ఈ ప్రమాదాలు 14 రెట్లు. జింకకు గడియారం మారదు. అది సూర్యుణ్ని చూసి బయలుదేరుతుంది. మారేది మన ఆఫీసు వదిలే సమయం. దాని భోజన వేళకు మనమే ఎదురు వెళ్తున్నాం.

ఈ దేశంలో పెద్ద జంతువులతో వాహనాలు గుద్దుకునే ప్రమాదాలు ఏడాదికి పది నుంచి ఇరవై లక్షలని 2008లో అమెరికా కాంగ్రెసుకు ఇచ్చిన నివేదికలో ఉంది. సుమారు 200 మంది చనిపోతున్నారు, 26,000 మంది గాయపడుతున్నారు. వీటిలో ఎక్కువ భాగం జింకలే. ఏటా బీమా క్లెయిముల లెక్క వేసే స్టేట్ ఫామ్ అనే బీమా సంస్థ పట్టికలో, డ్రైవరుకు జంతువు తగిలే అవకాశంలో మన పక్కనున్న వెస్ట్ వర్జీనియా ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉంది. మొత్తం క్లెయిముల సంఖ్యలో మన పెన్సిల్వేనియాదే పైచేయి. తెల్లతోక జింక ఈ రాష్ట్రానికి అధికారిక జంతువు కూడా. ఆ గౌరవం మనం దానికి ఇలా చెల్లిస్తున్నాం.

ఇప్పుడు ఇంజనీరుగా ఒకే ఒక లెక్క, విసుక్కోకండి. పల్లె రోడ్డు మీద 55 మైళ్ల వేగంతో వెళ్తున్నారు. అంటే సెకనుకు 81 అడుగులు. జింకను చూసి, బుర్రకు ఎక్కి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. అప్పటికే 120 అడుగులు అయిపోయాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి ఇంకో 145. మొత్తం 265 అడుగులు. గోధుమ రంగు జింక, గోధుమ రంగు ఎండుగడ్డి ముందు నిలబడితే లోబీము వెలుగులో చాలాసార్లు 200 అడుగుల లోపలికి వచ్చేదాకా కనిపించదు. అంటే చూసేసరికే ఆలస్యం అయిపోయింది. అదే 40 మైళ్ల వేగమైతే మొత్తం 165 అడుగుల్లో ఆగుతారు. పదిహేను మైళ్లు తగ్గిస్తే వంద అడుగులు చేతికొస్తాయి. ఆ వంద అడుగుల్లో ఒక జింక దాటిపోతుంది. పది మైళ్ల పల్లె రోడ్డు మీద ఇంటికి చేరడం నాలుగు నిమిషాలు ఆలస్యం అవుతుంది. అంతకంటే ఎక్కువ సేపు మనం గుమ్మంలో నిలబడి ‘వెళ్లొస్తాం’ అని చెప్పుకుంటాం.

హైబీము గురించి ఒక మాట. మన ఊళ్లో ఎదురుగా వచ్చేవాడి కళ్లు పోయినా సరే హైబీము దించం. అమెరికా వచ్చాక ఎంత మర్యాద నేర్చుకున్నామంటే, మైలు దూరం మనిషి లేని రోడ్డు మీద కూడా లోబీముతోనే వెళ్తాం. ఎదురు వాహనం లేనప్పుడు హైబీము వేయండి. దాని పని అదే. రోడ్డు మధ్యలోకి కాదు, అంచుల వైపు చూడండి. రెండు ఆకుపచ్చ చుక్కలు మెరిస్తే కాలు తీసేయండి. హారనూ అంతే. ఇక్కడ హారను కొట్టడం బూతు మాటతో సమానమని మనకు నేర్పారు. జింక దగ్గర ఆ మర్యాద పనికిరాదు. ఒక్కసారి, పొడుగ్గా కొట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను, వెనక బెంచీల్లో ఉన్న విద్యార్థులు ఫోన్లు కాసేపు కింద పెట్టండి. జింక అడ్డం వస్తే స్టీరింగు తిప్పకండి.

ఇది మనకు ఎందుకు కష్టమో నాకు తెలుసు. మనం డ్రైవింగ్ నేర్చుకున్నది గేదెల మధ్య, ఆటోల మధ్య, హఠాత్తుగా రోడ్డు దాటే పెద్దమనుషుల మధ్య. ముప్పై మైళ్ల వేగంలో పక్కకు కోసి తప్పించుకోవడం మన చేతులకు అలవాటైన విద్య. యాభై ఐదు మైళ్ల వేగంలో ఆ విద్య ప్రాణం తీస్తుంది. జింక తొంభై కిలోలు ఉంటుందేమో, దానికి తగిలితే కారు ముందు భాగం పోతుంది. పక్కకు కోస్తే తగిలేది ఓక్ చెట్టు, లేదా ఎదురుగా వచ్చే పాల ట్యాంకరు. పైగా జింక ఎటు దూకుతుందో దానికే తెలియదు. మీరు ఎటు తిప్పారో అటే అది రావచ్చు. మీ వరుసలోనే ఉండండి, రెండు చేతులతో పట్టుకోండి, బలంగా బ్రేకు తొక్కండి. తగిలితే తగలనివ్వండి. జంతు ప్రేమికులు నన్ను క్షమించాలి. నేనూ మాంసం ముట్టనివాణ్నే.

నాకు తెలిసిన ఒక కుర్రాడు, ఎం.ఎస్. రెండో సెమిస్టరు, ఇలాగే జింకను తప్పించాడు. జింక క్షేమంగా వెళ్లిపోయింది. కారు కాలువలో తలకిందులైంది. బెల్టు ఉండబట్టి వాడు బతికాడు, భుజం ఎముక విరిగింది. ఆపైన బీమా దగ్గర రెండో దెబ్బ. ఇది చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా చెబుతాను. జింకకు నేరుగా తగిలితే ఆ నష్టం కాంప్రహెన్సివ్ కిందికి వస్తుంది, అంటే మీ తప్పు లేకుండా మీ కారుకు జరిగిన నష్టంగా చూస్తారు. జింకను తప్పించబోయి చెట్టుకో కాలువకో తగిలితే అది కొలిజన్ కిందికి వస్తుంది, అంటే మీ డ్రైవింగ్ వల్ల జరిగిన ప్రమాదంగా చూస్తారు. మన పిల్లలు మూడు వేల డాలర్లకు పాత కారు కొని, నెలకు ఇరవై డాలర్లు మిగులుతాయని లయబిలిటీ ఒక్కటే తీసుకుంటారు. దానితో ఎదుటివాడి నష్టమే తీరుతుంది, మీ కారుకు రూపాయి రాదు. ఆ కుర్రాడిది లయబిలిటీయే. ఈ రాత్రి ఇంటికి వెళ్లి మీ పాలసీ కాగితం తీసి చూడండి. కాంప్రహెన్సివ్ ఒక్కటి చేర్చడానికి అంత ఖర్చు కాదు.

బెల్టు అన్నాను కదా. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెనక సీటులో బెల్టు పెట్టుకోరు. ‘వెనక ఎందుకురా, పొట్ట మీద నొక్కుకుంటోంది’ అంటారు. మా అమ్మ కూడా అలాగే అంది. ఆ రోజు గుడి దగ్గర బయలుదేరేటప్పుడు నా భార్య గొడవపడి మరీ పెట్టించింది. ఇంట్లో ఏ గొడవ జరిగినా ఇప్పటికీ ఆవిడ ఆ సంగతి నాకు గుర్తుచేస్తుంది, గెలుస్తుంది కూడా. జింకల ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో చాలామంది బెల్టు లేనివాళ్లు, హెల్మెట్ లేకుండా మోటారుసైకిలు నడిపినవాళ్లు.

తగిలాక ఏం చేయాలి? కారు అంచుకు తీసుకుని హజార్డ్ దీపాలు వేయండి. ఎవరికైనా దెబ్బ తగిలినా, కారు కదలకపోయినా, జింక రోడ్డు మధ్యలో పడి ఉన్నా 911కు ఫోను చేయండి. జింక దగ్గరికి వెళ్లకండి. పడి ఉన్నది చచ్చిందని అనుకుంటాం. అది లేచి గిట్టలు విసిరితే మీ పక్కటెముకలు మిగలవు.

ఆ రాత్రి మేము అంచున నిలబడి ఉండగా ఒక పికప్ ట్రక్కు ఆగింది. గడ్డం పెద్దాయన దిగి, మేము బాగున్నామా అని అడిగాడు, తన ట్రక్కులోంచి కంబళి తీసి అమ్మకు కప్పాడు. తర్వాత జింక వైపు చూసి, “మీకు కావాలా, నేను తీసుకోనా?” అన్నాడు. “ఏమంటున్నాడు?” అంది అమ్మ. చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “వాళ్ల ఇంట్లో ఎంతమంది?” అని అడిగింది. ఆయనకు అనువదించాను. “ఆరుగురం” అన్నాడు. “తీసుకువెళ్లమను, పారేయడం పాపం” అంది. పెన్సిల్వేనియాలో రోడ్డు మీద చచ్చిన జింకను ఇక్కడివాళ్లు తీసుకోవచ్చు, 24 గంటల్లోగా వన్యప్రాణుల వ్యవహారాలు చూసే గేమ్ కమిషన్‌కు చెప్పి అనుమతి సంఖ్య తీసుకోవాలి, కొమ్ములు మాత్రం అప్పగించాలి. ఇది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటుంది.

కొందరు కారు ముందు చిన్న ఈలలు అతికించుకుంటారు, గాలికి మోగి జింకలను తరుముతాయని. వాటితో పని జరిగినట్టు ఏ పరీక్షలోనూ తేలలేదు. ఆ డబ్బుతో ఒక మంచి వైపరు కొనుక్కోండి. పసుపు పలక మీద దూకుతున్న జింక బొమ్మ, అది మేమే పెడతాం. నిజం చెప్పాలంటే అది ఏడాది పొడవునా అక్కడే ఉండడం వల్ల దాన్ని ఎవరూ చూడరు. రోజూ కనిపించే హెచ్చరిక గోడ మీది క్యాలెండరు లాంటిది, తేదీ కావలసినప్పుడు తప్ప కంటికి ఆనదు.

పని చేసేవి రెండున్నాయి. రోడ్డుకు రెండు వైపులా ఎత్తయిన కంచె, ఆ కంచె వెంబడి వచ్చిన జంతువుకు దాటడానికి కింద ఒక సొరంగమో పైన ఒక వంతెనో. రెండూ కలిసి ఉండాలి. కెనడాలో బాన్ఫ్ జాతీయ ఉద్యానం దగ్గర ఇలా కట్టాక జంతువులతో ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అంత దూరం ఎందుకు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా పోయే మన 44వ నంబరు జాతీయ రహదారే నాగపూర్‌కు పైన పెంచ్ పులుల అడవి లోంచి వెళ్తుంది. అక్కడ మహారాష్ట్ర వైపు రోడ్డును ఎత్తులో కట్టి కింద జంతువులకు తొమ్మిది దారులు వదిలారు. వాటిలో పెద్దది 750 మీటర్లు. కెమెరాలు పెట్టి చూస్తే దుప్పులు గుంపులు గుంపులుగా వెళ్తున్నాయి, పులులూ వెళ్తున్నాయి. అమెరికాలో 2021 మౌలిక వసతుల చట్టం కింద ఇలాంటి వాటికి 35 కోట్ల డాలర్లు పెట్టారు. ఇంత పెద్ద దేశానికి అది పులిహోరలో పోపు పాటి.

మన వైపు ఇంకో పద్ధతి కూడా ఉంది, మనవాళ్లు దాన్ని తిడుతుంటారు. నల్లమలలో శ్రీశైలం వెళ్లే అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు. కర్ణాటకలో బందీపూర్ అడవి గుండా కేరళకు వెళ్లే రోడ్డు మీద 2009 నుంచి ఇదే కట్టడి. చిన్నప్పుడు దోర్నాల గేటు దగ్గర బస్సు ఆగిపోయి రాత్రంతా దోమలు కుట్టించుకున్నప్పుడు నేనూ తిట్టాను. ఇప్పుడు తిట్టను. పెన్సిల్వేనియాలో అది సాధ్యం కాదు, ఇక్కడ ప్రతి రోడ్డూ ఎవరో ఒకరి ఇంటికి వెళ్లే దారే.

ఇన్ని జింకలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, మనుషులే తెచ్చారు. 1900 నాటికి విచ్చలవిడి వేట వల్ల ఈ దేశం మొత్తం మీద ఐదు లక్షలకు మించి మిగల్లేదు. పెన్సిల్వేనియాలో దాదాపు కనుమరుగైతే ఇతర రాష్ట్రాల నుంచి కొని తెచ్చి వదిలారు. ఇవాళ దేశంలో దాదాపు మూడు కోట్లు. ఈలోగా వాటిని తినే తోడేళ్లను లేకుండా చేశాం. విస్కాన్సిన్‌లో తోడేళ్లు తిరిగి వచ్చిన కౌంటీల్లో జింకలతో ప్రమాదాలు 24 శాతం తగ్గాయని 2021లో తేల్చారు. తోడేళ్లు చాలాసార్లు రోడ్ల వెంబడే నడుస్తాయట, ఆ భయానికి జింకలు రోడ్డు అంచులు వదిలేస్తాయి. మా శాఖ పెట్టిన పసుపు పలకల కంటే ఒక తోడేలు మెరుగు అన్నమాట. ఈ మాట మా పై అధికారులకు చెప్పకండి. (నవ్వులు)

నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండగ, దాని తర్వాత వచ్చే శనివారం తుపాకీ వేట మొదలవుతుంది. ఇక్కడి పల్లె బడులు చాలా వాటిలో ఆ తర్వాతి సోమవారం సెలవు. వేటగాళ్లు అడవిలోకి దిగితే జింకలు బెదిరి పట్టపగలు కూడా రోడ్ల మీదికి వస్తాయి. కాబట్టి డిసెంబరు మధ్య దాకా ఈ జాగ్రత్త ఉండాలి.

భోజనాలు సిద్ధమని సైగ చేస్తున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పమ్మా... మైకు ఇవ్వండి పాపకు.

‘అంకుల్, రెండోది కూడా వెళ్లిపోయాక మూడోది ఉండదా?’

(నవ్వులు) మంచి ప్రశ్న. ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, నువ్వు పట్టేశావు. ఆ రోజు పోలీసు వచ్చాడు, టో ట్రక్కు వచ్చింది, పెద్దాయన జింకను తీసుకుని వెళ్లాడు. అంతా అయిపోయింది, ఇంటికి వెళ్దాం రమ్మంటే అమ్మ కదలదు. కంబళి కప్పుకుని చేను వైపే చూస్తోంది. ‘ఏమిటమ్మా?’ అంటే చెయ్యి చూపించింది. కోసేసిన మొక్కజొన్న మోళ్ల మధ్య ఒక జింక పిల్ల నిలబడి ఉంది. ఆ యేడు జూన్‌లో పుట్టినదై ఉంటుంది. మగది వెంట పడేసరికి తల్లి దాన్ని వదిలేసి రోడ్డు దాటేసింది. ఇది ఇవతల ఉండిపోయింది, దీపాలు చూసి కదలలేక. అమ్మ తెలుగులోనే పోలీసుకు చెప్పింది, చెయ్యి ఊపుతూ. ఆయనకు అర్థమైంది. తన కారు దీపాలు ఆర్పి, టో ట్రక్కు వాడినీ ఆర్పమని, రోడ్డుకు అటూ ఇటూ వాహనాలు ఆపాడు. ఐదారు నిమిషాలు అందరం చీకట్లో నిలబడ్డాం. గిట్టల చప్పుడు తారు మీద టకటకమని వినిపించింది, తర్వాత ఆకుల్లో. అప్పుడు అమ్మ కదిలింది.